రెండు గీతల పెళ్ళి

హోసూరు రోడ్డు ఆసుపత్రి, మూడో అంతస్తు,
టోకెన్ నలభై ఏడు.
తెల్లారకముందే హిందూపురంలో ప్యాసింజరెక్కి
యశ్వంతపురంలో దిగి, రెండు బస్సులు మారి
ముగ్గురం వచ్చాం, ఒళ్ళో జోషిత.
"కూత్కొళ్ళి" అని, మా మొహాలు చూసి
"కూర్చోండి" అంది ఆ అమ్మాయి.
మెళ్ళో కార్డు మీద పేరు చైత్ర.

ఇప్పటికి మూడు ఊళ్ళు తిరిగాం.
అనంతపురంలో బలం చాలదని టానిక్కు రాశారు.
కదిరిలో తాయెత్తు.
కర్నూల్లో స్కానింగు తీసి
"కొందరు పిల్లలు ఆలస్యంగా కూర్చుంటారులెండి" అన్నారు.
ఆలస్యం కాదు సార్,
ఏడో నెలకే కూర్చుంది నా బిడ్డ.
ఆ తర్వాతే
కూర్చోవడం తిరిగిచ్చేసింది,
గిలక పట్టుకోవడం తిరిగిచ్చేసింది,
నన్ను చూసి నవ్వడం, అదొక్కటీ
వాయిదాల మీద.

చైత్ర తెల్లకాగితం తీసింది.
మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా.
"పెళ్ళికి ముందు మీ ఇద్దరికీ ఏమవుతుంది?"
మేనమామ, అన్నాను.
పెళ్ళి గీత పక్కనే ఇంకో గీత గీసింది.
ఒక్క మాటా అనలేదు.
"బయటి సంబంధం ఎందుకే, పిల్ల కళ్ళముందుంటుంది" అని
పందిరి కింద అందరూ మెచ్చుకున్న పెళ్ళి
కాగితం మీద రైలుపట్టాలా ఉంది.
"ఈవిడ మీ అత్తగారా?"
అవును. మా అమ్మకి అమ్మ కూడా.
అవ్వ సున్నాలోంచి రెండు దారులు దిగి
కింద జోషిత దగ్గర కలిశాయి.

"చిన్నప్పుడే పోయినవాళ్ళు ఎవరైనా?"
లేరన్నాడు మా ఆయన.
లేరన్నాను నేను.
అవ్వ కిటికీలోంచి ఫ్లైఓవరు చూస్తోంది.

అప్పుడు టేబుల్ మీంచి స్టాప్లరు పడింది.
ఏమంత చప్పుడూ కాదు.
జోషిత రెండు చేతులూ విసిరేసి ఉలిక్కిపడింది,
మేడ మీంచి ఎవరో వదిలేసినట్టు.

"అదీ ఇట్లే చేసేది," అంది అవ్వ.

ఎవరు?

"చెంబు కింద పెట్టినా సరే, ఇట్లే.
నా తొలిచూలుది. మీ అమ్మకన్నా ముందు.
రెండేండ్లు నిండలేదు.
దిష్టి అన్నారు. నా పాలు మంచివి కావన్నారు.
ఆ మాట మళ్ళీ ఎత్తొద్దన్నాడు మీ తాత.
ఎత్తలేదు."

అమ్మకి ఎడమ పక్క ఖాళీలో
చైత్ర కొత్త సున్నా గీసింది.
నలుపు నింపి, మీదుగా ఒక అడ్డగీత.
"పేరు?"
నలభై ఎనిమిదేళ్ళు.
అవ్వ పెదాలు రెండుసార్లు ఊరికే కదిలి
మూడోసారి చప్పుడైంది:
"రంగనాయకి."

చీకటి గదిలో కంటి డాక్టరు లైటు వేసి చూశాడు.
లోపల చెర్రీ పండు రంగు చుక్క ఉందట.
చెర్రీ పండు నేను కేకు మీద తప్ప ఎక్కడా చూడలేదు.
రక్తం తీశారు.
ఆరు వారాలకి రోగానికి పేరొచ్చింది,
నా నాలుకకి తిరగని పేరు.
మందు లేదు అని మాత్రం చైత్ర
తప్పుల్లేని తెలుగులో చెప్పింది,
ఆ రెండు మాటలూ నేర్చుకుని వచ్చినట్టు.
ఇంకో బిడ్డయితే మూడో నెలలోనే
పరీక్ష చేసి తెలుసుకోవచ్చంది.
మా ఆయన నేలకేసి తలూపాడు.

"నా పాలు కాదా?" అంది అవ్వ.
కాదు అవ్వా.
మళ్ళీ అడిగింది.
మళ్ళీ చెప్పింది చైత్ర.

తిరుగు రైల్లో ఆ కాగితం తనకిమ్మంది.
అక్షరం ముక్క రాదు ఆమెకి.
దొడ్డబళ్ళాపురం దాటేదాకా
నల్ల సున్నా మీంచి వేలు తీయలేదు.

ఆర్నెల్లుగా ఇంట్లో
గిన్నెల కింద పాత చీర మడతలు పరుస్తోంది అవ్వ,
చెంబు దించితే దూది దించినట్టు.
చాదస్తం అనుకున్నాం.
విజిలు రాకముందే స్టవ్వు కట్టేస్తోందని
ఉడకని పప్పు ముందు పెట్టుకుని
ఆమె మీద అరిచాను కూడా నేను,
గట్టిగా.