నూట పద్నాలుగో గడి

వూచ్ అంటే మా భాషలో పడవ.
ఊళ్లో నది మాత్రం కనబడదు,
మిల్లులు లేచిన రోజుల్లోనే దాన్ని గొట్టంలో పెట్టి పూడ్చేశారు.
బోగ్నా వెర్నిట్స్కా ఆ గొట్టం మీది వీధిలో
మూడో అంతస్తులో ఉంటుంది.
ఆమె రాసేవాటికి నేను డబుల్ బేస్ వాయిస్తాను,
ఇరవై రెండేళ్లుగా, తిట్టుకుంటూనే.

గదిలో పియానో లేదు.
పెన్సిళ్లు, రబ్బరు పొట్టు, చల్లారిన టీ,
పన్ను నోటీసు వెనకవైపు గీసుకున్న అయిదు గీతలు.
ఏడాదికి పదకొండు నిమిషాల సంగీతం,
అందులో నాలుగు మళ్లీ చెరిపేస్తుంది.
'ఈమె వడ్డించే విస్తట్లో మెతుకు కనబడదు' అని
పత్రికలో ఒకాయన రాస్తే
కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంది.

వాళ్లమ్మ గెనోవెఫా
మగ్గాల హాల్లో ముప్పయ్యొక్క ఏళ్లు.
ఆ హోరులో ఆడవాళ్లు పెదాలతోనే మాట్లాడుకునేవారట,
ఈ గోడ దగ్గరి చాడీ ఆ గోడకి చేరిపోయేదట
ఒక్క చప్పుడూ లేకుండా.
నలభై దాటేసరికి రెండు చెవులూ మిల్లుకే జమ.

కూతురు రాసిన ఒక్క స్వరమూ వినలేదావిడ.
అయినా ప్రతి కచేరీకీ ముందు వరస,
ఒళ్లో చేతిసంచి,
అరచెయ్యి వేదిక చెక్క మీద.

నూట పద్నాలుగో గడిలో
పన్నెండు తీగవాద్యాలూ ఒక్కసారే ఆగాలి,
పదకొండు సెకన్లు.
"అయిపోయిందనుకుని చప్పట్లు కొడతారు" అన్నాడు కండక్టర్, రిహార్సల్లో.
"కొట్టనీ" అంది, తల ఎత్తకుండా.

ఆ రాత్రి ఆగాం.
ఎవరో దగ్గారు. రేడియేటర్ టిక్కుమంది.
ఏడో సెకనులో గెనోవెఫా
చెక్క మీంచి చెయ్యి తీసి చూసుకుంది,
షిఫ్టు అయిపోయినట్టు.
చప్పట్లు కొట్టింది.
మూడు. ఒక్కత్తే.
హాల్లో ఎవరికీ నవ్వు రాలేదు.

అచ్చయిన ప్రతిలో ఇప్పుడా గడి నెత్తిన ఇలా ఉంటుంది:
ఏడో సెకను. చప్పట్లు మూడు. ఒక మనిషి. తొందర వద్దు.

ఆవిడ పోయి రెండు శీతాకాలాలు.
ఆ పని నా నెత్తిన పడింది,
నా చేతులు మొరటువి కాబట్టి అంటుంది బోగ్నా.
నిన్న బ్రతిస్లావాలో కమాను కింద పెట్టి కొట్టాను.
బాగా లేదట.
"అమ్మకి తన చప్పట్లు వినబడేవి కావు" అంది
తిరుగు రైల్లో, యాపిల్ కోస్తూ.
"నీకు వినబడుతున్నాయి. అదే తప్పు."

వచ్చేవారం మళ్లీ ఉంది.
చెవుల్లో దూది పెట్టుకుని చూస్తాను.