పావు తిప్పు

గోనెపట్టా మీద మూడు కార్బురేటర్లు పెట్టిండు జానీమియా,
వరంగల్ ఆటోనగర్ల, ఇంకా షట్టర్లు లేవని పొద్దున.

ఒకటి డబ్బాలకెళ్లి అప్పుడే తీసిన కొత్తది,
పెండ్లిపిల్లగాని ఉంగరం లెక్క మెరుస్తుంది.
ఒకటి జీపుది, నోరు పెద్దది.
"గుట్ట ఎక్కేటప్పుడు మస్తు గుంజుతది,
నీ జేబును గూడ గుంజుతది" అన్నడు.
మూడోది నాదే.
పదకొండేండ్లు నా అంబాసిడర్ల ఉండి
జిడ్డుగ, తప్పు చేసినట్టు పక్కకు ఒరిగి.

నా మనసు కొత్తదాని మీదనే.
ఆయన పాతదాని జెట్ ఊడదీసి
ఎండకు అడ్డం పట్టి ఒంటికన్నుతోని చూసిండు.
ఆవగింజల సగం బెజ్జం.
"ఎవడో సూదితోని పొడిచిండు బేటా దీన్ని.
ఎక్కువ తాగితే ఎక్కువ ఉరుకుతదనుకున్నడు."

నేను నా చెప్పుల దిక్కు చూసిన.
నర్సంపేట తొవ్వల, మొన్న వానకాలం,
మా చెల్లె కుట్టుమిషన్ సూది.

ప్లగ్గులు ఊడదీస్తే నాలుగూ మసే.
ఎయిర్ ఫిల్టర్ దులిపితే
ఎనుమాముల మార్కెట్ రాలింది కింద, ఎర్రగ.
అడ్తి సేట్లను దింపుకుంట, ఎక్కించుకుంట
మిరపబస్తాల నడుమ నెల దినాల సంది
నాతోపాటు అదీ దగ్గింది.
నేను నా దగ్గొక్కటే విన్న.

సరైన జెట్టొకటి, కొత్త వాషరు,
ఫ్లోటు తేలుతదా అని గిన్నెల పెట్రోల్ పోసి చూసుడు.
పాతదే మళ్ళా ఎక్కింది.
ఇంజను లేచింది, కుంటుకుంట.

అప్పుడు జానీమియా
స్క్రూడ్రైవర్ పిడిని పండ్ల నడుమ పట్టుకొని
మొనను ఇంజనుకు ఆనిచ్చి కండ్లు మూసుకున్నడు.
నలభై ఏండ్ల మోతకు చెవులు పోయినయి,
ఇగ బొక్కలతోనే వింటడు.
చెయ్యితోని నాకు సైగ:
తిప్పు. లోపలికి. ఇంకింత.
తడబడ్డది ఇంజను, సచ్చేటట్టు.
వెనుకకు.
పావు తిప్పు.
పావుల సగం.

అప్పుడొచ్చింది ఆ సప్పుడు.
సప్పుడు అనొద్దేమో,
మడ్‌గార్డు మీద పెట్టిన చాయ్ గ్లాసుల
మీగడ పొర వణుకుడు ఆపింది, గంతే.

ఆయన నవ్వంగనే
పండ్లల్లకెళ్లి స్క్రూడ్రైవర్ జారి
ఠంగుమన్నది. అది ఆయనకు వినపడలేదు.

పైసలిస్తే సగమే తీసుకున్నడు.
"ఇది మాఘమాసం గాలికి కుదిరింది.
రోహిణికార్తెల గాలి వేరుంటది, మళ్ళా రా.
సూది మాత్రం ఇంట్ల పెట్టి రా."