రేకులు

ఆ-కియోంగ్ కొట్టు నుంచి పడవలో వచ్చింది డిష్,
ఆరు రేకులుగా, కొబ్బరితాడుతో కట్టిన కట్టలో.
పువ్వుకీ రేకులే, ఇంటికప్పుకీ రేకులే.
నా కోపమంతా రెండో రకం రేకుల గురించి.
వంటింట్లో వాన కురుస్తూనే ఉంది.
ఈయనేమో పాత పడవ ఇంజను అమ్మి
ఆకాశం నుంచి ఏదో దించుకొస్తానని
బేరం కుదుర్చుకున్నాడు.
నాలుగు రోజులుగా మా మధ్య
మాటా లేదు, మంతీ లేదు.
అన్నం గిన్నె చప్పుడు చేస్తుంది, నేను చెయ్యను.

ఇంటి వెనక చెక్కవంతెన మీద
ముర్సిదీ ఉలిన్ దుంగకు గొట్టం బిగించాడు.
కింద కపువాస్ నది, పోటుకి పైకొచ్చి
మా మెట్లు నాకి పోతోంది.
ఎక్కడో చలిదేశాల్లో డిష్షులు
గోడకానుకుని దూరం చూస్తాయట.
మాది భూమధ్యరేఖ మీది ఊరు. ఇక్కడ డిష్
వెల్లకిలా పడుకుంటుంది,
పిల్లికి అన్నం పెట్టి మరిచిపోయిన పళ్ళెంలా.

పడవ ఆపి మరీ సలహా చెప్పిపోయాడు సుమార్లీ:
"మట్ట అడ్డం, మట్ట కొట్టెయ్."
మట్ట కొట్టేశాక తెలిసింది,
అది మా చెట్టుది కాదు.

లోపల నేను. చేతిలో రిమోట్.
కాగితం మీది అంకెలు ఒక్కొక్కటే నొక్కాను.
తెర మీద రెండు గీతలు:
ఒకటి బలం, ఒకటి నాణ్యత.
వైరు తగిలితే చాలు, మొదటిది నిండిపోతుంది.
రెండోది సున్నా.
పెళ్ళి గురించి నాకెవరూ
ఇంత తేలిగ్గా చెప్పలేదు.

రిఫ్కిని గుమ్మంలో నిలబెట్టాం.
"నాన్న అడుగుతున్నాడు, ఉందా అని."
"లేదని చెప్పు."
"అమ్మ లేదంటోంది."
"ఇప్పుడో?"
"లేదని చెప్పు."
వాడికి తొమ్మిదేళ్ళు. పదకొండోసారికి
గాలిపటం గుర్తొచ్చి పారిపోయాడు.

గుమ్మం ఖాళీ.
గోడ అవతల స్పానర్ ఆగింది.
చాలాసేపు ఉలుకూ లేదు, పలుకూ లేదు,
ఉపగ్రహానికీ, ఆయనకీ.
తర్వాత గొంతు సవరించుకుని,
దారిన పోయేవాళ్ళని అడిగినట్టు:
"ఉందా?"
"లేదు."
"ఇప్పుడు?"
"పన్నెండు... పోయింది. వెనక్కి."
"ఎటు వెనక్కి?"
"నది వైపు. వేలెడంత. కాదు, గోరంత."
"ఇప్పుడో?"
"ముప్పై ఒకటి. ఊపిరి పీల్చకు."
నవ్వాడు. ఇరవైకి పడింది.
"నవ్వమన్నానా నిన్ను?
ఆ మధ్యలో మూతిలా ఉందే, ఎల్ఎన్‌బి, దాన్ని తిప్పు.
నలభై ఏడు. యాభై. అరవై రెండు.
చాలు. ఇంక ముట్టుకోకు."

నట్లు బిగిస్తున్నంతసేపూ
ఆ అంకె చదువుతూనే ఉన్నాను.
అది మారలేదు.

నూట నలభై చానళ్ళు. సగానికి తాళాలు.
మిగిలినవాటిలో ఒకడు
మాకెవరికీ రాని భాషలో మూకుళ్ళు అమ్ముతున్నాడు.
పొద్దుపోయేదాకా ముగ్గురం వాణ్ణే చూశాం.

సెప్టెంబరు ఇరవైమూడు, పదకొండూ నలభై.
మూకుడులో గుడ్డు జారబోతుండగా
బొమ్మ ముక్కలై, గడ్డకట్టి, పోయింది.
నాణ్యత సున్నా.
నా కేకకి స్పానర్ పట్టుకుని పరుగెత్తినవాడు
దేన్నీ ముట్టుకోలేదు.
పైకి చూడబోయి కళ్ళు మూసుకుని,
"ఇలా రా" అన్నాడు.

సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక నిలబడ్డాడట.
ఆయన అరుపులో దీని గుసగుస వినపడదట.
కాసేపే, తప్పుకుంటాడట.
ఇదంతా ఆ-కియోంగ్ ముందే చెప్పాడట,
నాకు చెప్పడానికి అప్పుడు మాటల్లేవు కదా మరి.

వంతెన మీద నిలబడ్డాం.
గొట్టానికి నీడ లేదు.
ఆయన నీడ ఆయన కాళ్ళకిందే, నాది నా కాళ్ళకిందే.
డిష్ మాత్రం నీళ్ళమీద వల పరిచింది,
దాన్లో చిరుచేపలు వస్తున్నాయి, పోతున్నాయి.

"వంటింటి రేకులు వచ్చే నెల."
"చూద్దాం" అన్నాను.

లోపల, ఎవరూ పిలవకుండానే,
మూకుళ్ళవాడు మళ్ళీ అందుకున్నాడు.