కనుమ దాటేటప్పుడు

టికెట్ మీద ఉంది: రెండు గంటల ఇరవై నిమిషాలు.
నా కూతురు దరిమా ఫోన్‌లో చూసి
"గాల్లో పదకొండు వందల నలభై కిలోమీటర్లే నాన్నా" అంది.
'లే' అంది.
ఆ ఒక్క అక్షరానికి రాత్రంతా నిద్రపట్టలేదు.

ఖోవ్ద్ నుంచి ఉలాన్‌బాతర్‌కి
ముప్పై ఒక్క ఏళ్ళు లారీ తోలాను.
నా లెక్కలో ఆ దూరం
మూడు పగళ్ళు, రెండున్నర రాత్రులు,
ఎండాకాలమైతే ఒక పంక్చరు,
ఉప్పేసిన పాల టీ నాలుగు ఫ్లాస్కులు,
అల్తాయ్ ఊళ్ళో హోటలామె తిట్లు,
ఆ తిట్లతోపాటే వేడి వేడి మాంసం పులుసు.
దార్వి దాటాక ఏ మలుపులో ఏ గొయ్యుందో
నాకంటే నా వెన్నుపూసలకు బాగా తెలుసు.

ఎడమ కంట్లో శుక్లం. మంగళవారం ఆపరేషన్.
అందుకని విమానం.

తనిఖీ దగ్గర కుర్రాడు జేబు తడిమి
రాయి బయటికి తీశాడు.
"ఏంటిది తాతా?"
"రాయి."
అటూ ఇటూ తిప్పి చూశాడు.
వాడి తాత కూడా లారీయే తోలాడో ఏమో,
మాట్లాడకుండా తిరిగిచ్చేశాడు.

లేచాం.
ఖర్ ఉస్ సరస్సు చూస్తుండగానే టీ గిన్నెంత అయింది.
మంచి కన్ను అద్దానికి ఆనించి
నా రోడ్డు వెతుక్కున్నాను.
గీతలా లేదది.
మట్టిలో ఏడెనిమిది చక్రాల జాడలు
విడిపోయి, కలిసి, మళ్ళీ విడిపోయి
సగం అల్లిన జడ వదిలేసి
ఎవరో లేచెళ్ళినట్టుంది.
అందులో ఒక జాడ నాది. ఏదో చెప్పలేను.
ఒక దుమ్ముచుక్క పాకుతోంది దాని మీద.
ఎవడో గేరు మారుస్తున్నాడు కాబోలు,
సీటు కింద నా ఎడమ కాలు
దానంతటదే క్లచ్ తొక్కింది.

ఆ తర్వాత అంతా మబ్బు.

దమ్దిన్ పోయిన కనుమ
కుడిచేతి వైపు, దక్షిణాన, ఇక్కడెక్కడో ఉండాలి.
తొంభై ఎనిమిది మార్చి, మంచు తుఫాను.
వాడి బండి ముందు, నాది వెనక.
ఎర్రదీపాలు రెండు కనపడేవి.
తర్వాత ఒకటి.

కనుమ మీద రాళ్ళగుట్ట ఉంటుంది, ఒవో అంటాం.
బండి దిగి, మూడు చుట్లు తిరిగి, రాయి పెట్టాలి.
దిగే తీరిక లేకపోతే
మూడుసార్లు హారన్ కొట్టాలి.
ఒక్కసారీ తప్పలేదు నేను.

ఇక్కడ ఎవరూ ఆపరు.
తలెత్తి చూస్తే
మనిషి బొమ్మతో ఒక మీట.
నొక్కాను. టింగ్.
మళ్ళీ.
మళ్ళీ.

ఎయిర్‌హోస్టెస్ పరుగున వచ్చింది.
"నీళ్ళు కావాలా? ఒంట్లో బాలేదా?"
"ఏం లేదమ్మా. కనుమ దాటుతున్నాం."
ఆ పిల్ల వంగి కిటికీలోంచి చూసింది.
తెల్లగా మబ్బు.
కాసేపు అలాగే నిలబడింది.
నా నెత్తిమీద దీపం వెంటనే ఆర్పలేదు.

దిగేసరికి రాజధాని గడియారం
మా ఊరికంటే గంట ముందుంది.
ఆ గంట ఏ కొండ మీద జారిపోయిందో!
దరిమా వద్దంటున్నా వినకుండా
టాక్సీని పడమటి బస్టాండుకి తిప్పించాను.
ఖోవ్ద్ బస్సు డ్రైవరు, మీసాలైనా సరిగా రానివాడు,
రొట్టె నములుతూ రాయి అందుకున్నాడు.
ఏ కనుమో చెబుదామని నోరు తెరిచాను.

"దమ్దిన్ కనుమ దగ్గరేగా?" అన్నాడు.

వాడికి ఇరవై మూడేళ్ళుంటాయేమో.