డెబ్బై అయిదు సెంటీమీటర్లు

కుర్చీ చెయ్యాలన్నా, అనింది కుళ్ళాయమ్మ.
తాడిపత్రిలో పాలిష్ ఫ్యాక్టరీల సందున
నాది రేకుల షెడ్డు. గేట్లు చేస్తా, కిటికీలు చేస్తా,
ట్రాక్టరు ట్రాలీకి తలుపు ఊడితే అతికిస్తా.
కుర్చీ బజార్లోనే దొరుకుతాది గదమ్మా అన్నా.

"దాంట్లో కూచుని ఇనపగుండు ఇసరలేనన్నా.
నేను ఇసిరేటప్పుడు
భూమి కదిలినా కుర్చీ కదలగూడదు."

ఆ పాపను నేనెరుగుదు.
ఎదురు ఫ్యాక్టరీలో బండలు సర్దేది.
ఒకనాడు నాపరాళ్ల వరుస వొరిగి
నడుము మీద కూచునింది.
ఆ పొద్దు రాళ్లెత్తినోళ్లలో నేనూ ఒకణ్ణి.
ఎన్ని రాళ్లో నేను లెక్కబెట్టలా.
యజమాని లెక్కబెట్టినాడు, పగిలినవి.

తడిసి ఆరిన కాగితం చేతికిచ్చింది.
పైన ఇంగ్లీషు, కింద పెన్సిలుతో తెలుగు:
కూచునే ఎత్తు, దిండుతో సహా,
డెబ్బై అయిదు సెంటీమీటర్లు మించరాదు.
పట్టుకునే కడ్డీ వంగరాదు.
తొడలకు కట్టే పట్టీ సాగరాదు.
ఎవురమ్మా ఇవన్నీ రాసింది అంటే
"ప్రపంచమన్నా" అనింది.

నాకు నవ్వొచ్చింది.
ప్రపంచం మా షెడ్డుకు ఇంతవరకూ
ఒక్క ఆర్డరిచ్చిన పాపాన పోలేదు.

ఒకటిన్నర అంగుళం చదరపు పైపు, నాలుగు కాళ్లు,
కింద గొలుసులకు కొక్కేలు.
మొదటి ఏటుకే కడ్డీ వంగింది.
నా పని మీద నాకే సిగ్గయింది.
తుక్కంగట్లో లారీ ముక్క ఏరుకొచ్చి నిలబెట్టినా.
అది వంగలా.

సందకాడ పెన్న ఇసకలో గొలుసులు బిగించేవాళ్లం.
దవడ కింద గుండు పెట్టుకుని
రోంతసేపు ఊపిరి ఆపేది.
గుండు పడినచోట చిన్న గుంత.
నిన్నటి గుంతకూ నేటి గుంతకూ మధ్య
ఒక్కోసారి జొన్నరొట్టె వెడల్పు,
ఒక్కోసారి ఏమీ లేదు.
చూసేదానికి వచ్చినోళ్లు ఎవురన్నా "పాపం" అంటే
ఆ ఒక్క మాటకే తరవాతి గుండు జాస్తి దూరం పోయేది.

మొదటి పోటీకి పోతే
టేపు పట్టినాయప్ప డెబ్బై ఆరన్నాడంట.
దిండు మందం నేను మరిచిపోయినా.
ఆడనియ్యలేదు. కుర్చీతో సహా రైలెక్కి తిరిగొచ్చింది.
తిట్టలా.
కాళ్లు కొయ్యన్నా, అనింది.
గ్రైండరు పెట్టి నాలుగింటికీ సెంటీమీటరు కోసినా.
రాలిన నాలుగు ముక్కలూ మేకుకు తగిలించినా,
నాకు బుద్ధి ఉండాలని.

మూడేండ్లకు ఆ కుర్చీ విమానమెక్కింది.
ఏ ఊరికో, ఆ పేరు నా నోటికి తిరగదు.

మాబుపీరా టీకొట్టు టీవీలో
దేశానికి పతకాలు పొద్దుకు పొద్దు పెరుగుతాండాయి.
చెయ్యిలేని పిల్లోడు ఈటె ఇసిరితే ఒకటి,
చూపులేని పిల్ల పరిగెత్తితే ఒకటి,
ఒంటికాలోడు తన తలకంటే ఎత్తు దూకితే ఇంకొకటి.
ఎప్పుడూ లేనన్ని అంటాండారు.
పీరా సుద్దముక్కతో గోడ మీద గీతలు గీస్తాండాడు,
పాలోనికి బాకీ రాసే గోడే అది.

కుళ్ళాయమ్మ వంతు మాకు నడిరాత్రి.
షట్టరు సగం దించి ఏడుగురం కూచున్నాం.
ఆరు ఏట్లు.
కెమెరా గుండు ఎంబడి పోతాంది,
నా చూపు కడ్డీ మీద.
వణకలా. అతుకు చీలలా.

నాలుగో స్థానం.
మూడో పిల్లకూ మా పిల్లకూ మధ్య
పదకొండు సెంటీమీటర్లు. జాన కూడా కాదు.

"దస్తగిరి మామా, నాలుగోదానికి ఏం గీయాల?"
సుద్దముక్క పట్టుకుని పీరా అడిగినాడు.
ఎవురూ మాట్లాడలా.
కాసేపటికి గ్లాసులు కడిగేదానికి పోయినాడు.

తెల్లారి పేపరు నిండా దేశం సంతోషం.
అబద్ధమెందుకు, నా ఛాతీ కూడా పొంగింది.
ఆ ఫోటోల్లో నేను మనుషుల ముఖాలు కాదు,
వాళ్ల కింది చక్రాలు, కట్టుకాళ్లు చూసినా.
ఎవురు చేసినారో, ఎన్నిసార్లు కోసినారో.

ఊరొచ్చినాక దండలేమీ పడలేదు.
మూడుచక్రాల బండి షెడ్డు మొగదాల ఆపి
"కడ్డీ రోంత ఎడమకన్నా" అనింది.
ఎంత?
బొటనవేలూ చూపుడువేలూ విడదీసి చూపించింది.
టేపు తీసినా.