మిల్లు దిక్కు

హాలియల మా బడికి ఒక్కటే రింగు.
రెండోది ఉండెనట,
వడ్ల లారీ ఎనుకకొచ్చుకుంట గుద్దితే
స్తంభం వంగింది. వంగినదాన్ని ఎవరో
రాత్రికి రాత్రి తూకానికి అమ్ముకున్నరు.
మిగిలింది మిల్లు దిక్కున్నది.
అవతలి దిక్కు కాలువ.

పోయినేడు దసరా సెలవులు ఒడిసేటాలకు
కోర్టు నిండ వడ్లు ఆరబోసిన్రు.
గోవర్ధన్ సారు రైతులతోని బేరం పెట్టిండు:
పొద్దుగాల మా పిల్లలు కాళ్లతోని వడ్లు తిప్పుతరు,
పొద్దూకంగ సగం జాగ మాకిడవాలె.
పన్నెండు మందిమి
అరికాళ్లల్ల నూగు గుచ్చుకుంట
సాళ్లు సాళ్లుగ నడిచినం.
మాకు వచ్చిన ఫుట్‌వర్క్ అదే.

పీఈటీ పోస్టు ఖాళీ. సారు చెప్పేది లెక్కలు.
బంతి ఎన్నడూ ముట్టని మనిషి
నల్లబల్ల మీద వంకర గీత గీసి
"ఎక్కేటప్పుడు కాదమ్మా, దిగేటప్పుడు చూడున్రి" అన్నడు.
రోజా ఇసిరితే బంతి ఆ గీత మీదనే పోయేది.
నాది గోడ దుంకి మిల్లోళ్ల ఊక కుప్పల పడేది.
తెచ్చేది గూడ నేనే.

జెర్సీలు నర్సింగ్ సేటు కుట్టిచ్చిండు.
ముందర నంబరు,
ఎనుక "ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు",
దానికింద సేటు ఫోను.
దేవరకొండోళ్లు చదివి చదివి నవ్విన్రు,
పురుగుమందు టీమొచ్చిందే అని ఈలలేసిన్రు.

అది మా మొదటి ఆట.
రెండు రింగులు ఒక్కతాన చూసుడు గదే మొదలు.
సగమాటకు దిక్కులు మారినయ్,
మేం మారలే.
రోజా ముగ్గుర్ని తప్పించుకొని
గాలిల నిలబడి, ఎంత సక్కగ వేసిందో,
మా రింగులనే.
అయినా ఒక్క పాయింటుతోని గట్టెక్కినం.

ఆ రాత్రే షాహిస్తా మాట పుట్టించింది.
ఏ ఊళ్లనైనా సరే
మనం వేసేది మిల్లు దిక్కు,
కాసేది కాలువ దిక్కు.
మిర్యాలగూడల "మిల్లు దిక్కు!" అని ఒర్రితే
అక్కడి పిల్లలు తలకాయలు తిప్పి చూసిన్రు,
పాపం, వాళ్లకు నాలుగు దిక్కులా మిల్లులే.
వాళ్లు తేల్చుకునేలోపల
మేం వేసి మర్లొచ్చినం.

సెమీస్ నల్లగొండల.
హాస్టలు పిల్లలు, ఒక్కొక్కతె తాడిచెట్టంత.
షాహిస్తాకు ఐదో ఫౌల్ పడ్డది.
సారుకు నా పేరు యాదికి రాలే,
"పన్నెండూ, నువ్వు పో" అన్నడు.
నాలుగు నిమిషాలు ఆడిన.
బంతి ఒక్కపారే నా చేతికొచ్చింది.
ఎదురుంగ రింగు. నడుమ ఎవ్వలు లేరు.
మిల్లు దిక్కే అది, నాకు ఎరికే.
రోజాకిచ్చిన. ఆమె వేసింది.
మంచి పాస్ అన్నరు అందరు, సారు గూడ.
పాస్ కాదది, భయం.
ఇయ్యాల్టిదాక ఎవ్వలకు చెప్పలే.

తొమ్మిది పాయింట్లతోని ఓడినం.

బస్సుల కండక్టరమ్మ ఆధార్ కార్డులు చూసుకుంట
"ఏడికెళ్లి వస్తున్నరు బిడ్డా?" అనడిగింది.
"సెమీస్ కెళ్లి" అన్నది రోజా ముక్కు తుడుసుకుంట.
"అదే స్టేజీ? నా రూటుల లేదే!"
ఏడుస్తున్నోళ్లం ఏడుస్తనే నవ్వినం.
పన్నెండు జీరో టికెట్లు కొట్టింది,
సారుకు మాత్రం పైసల టికెట్.
నా సున్నా ఎనుక 31–40 అని రాసుకున్న.
లెక్కల పుస్తకంల ఉన్నదింక.

ఇప్పుడు రోజా పాలిటెక్నిక్‌ల,
షాహిస్తా సాగర్ల ఇంటరు.
సారుకు చండూరు బదిలీ అయింది.
పాతోళ్లల్ల మిగిలింది నేనొక్కదాన్నే గనుక
కెప్టెన్ను నేనే.
ఈసారి వడ్లు కోర్టంత పోసిన్రు,
రింగు కింద గూడ.
ఆరో తరగతి పోరి ఒకతె
బంతి పొట్టకు అద్దుకొని అడుగుతది,
"అక్కా, ఆట ఎప్పుడు?"

నిన్న తెల్లారంగ చెప్పులిడిసి వడ్లల్లకు దిగిన.
బొంత కప్పుకొని కూసున్న ముసలి రైతు
చూసిండు, ఏమనలే.
నాలుగు సాళ్లు తిప్పిన.
సగం జాగ సంగతి నాలుక కొసదాక వచ్చింది.
చాయ తాగుతవా బిడ్డా అన్నడు.
తాగిన.

రేపు అడుగుత.