మోచేతి లోతు

డిసెంబరులో నాలుగు రోజులు సెలవు దొరికితే
ఊటీ పోతారు ఎవరైనా.
మేం ఇసుక చూడను బయల్దేరినాం,
మాబున్నీ, నేను, వెనక సీట్లో జొన్న.

గుంతకల్లులో తెల్లారక ముందే
పాత ఓమ్ని దగ్గి దగ్గి లేచింది.
కుక్కకు నా చిరుగుల శాలువా,
మాకు సద్దరొట్టెలు, ఎర్రకారం,
అందరికీ కలిపి ఒక క్యాను నీళ్లు.
"ఎండాకాలమైతే సచ్చుందుము" అంది మాబున్నీ
అద్దం మీది మంచును మోచేత్తో తుడుస్తా.

ఓర్వకల్లు రాళ్లలో జొన్న మేకైపోయింది.
మేం చేతులూ మోకాళ్లూ ఆనించి పాకినచోట
నాలుగు దూకుల్లో పైకి పోయి
ఏం ఇంతసేపు అన్నట్టు కిందికి చూసింది.
ఎవరో కోపంలో విసిరేసి
మళ్లీ ఏరుకోను మరిచినట్టుంటాయి ఆ బండలు.
నీడలో చెయ్యి పెడితే చలి,
జానెడు పక్కన ఎండ,
ఒకే బండకు రెండు కాలాలు.

మర్నాడు పొద్దున్నే రోళ్లపాడు గేటు కాడ
వాచరు చెయ్యి అడ్డం పెట్టినాడు.
"కుక్కకు లోపలికి లేదమ్మా.
బట్టమేక పిట్ట నేలమీదే గుడ్డు పెడతాది."
మాబున్నీ ఒక్కతే పోయింది.
నేనూ జొన్నా బయట
శనగచేని గట్టున కూర్చున్నాం.
శనగాకు మీది మంచు పులుపని
నాకు తెలుసు, దానికి తెలీదు.
తడిసిన కాళ్లు నాకి,
మొహం చిట్లించి, తుమ్మి,
మళ్లీ నాకింది.
గంటకు తిరిగొచ్చి మాబున్నీ చెప్పింది:
జింకలున్నాయి. గడ్డి ఉంది.
పిట్ట కనపడల్యా.
"నేనే చూసి చానా ఏండ్లాయ" అన్నాడు వాచరు
జొన్న తల నిమురుతా,
తప్పు దానిది కాదన్నట్టు.

గండికోట అంచున
మెడతాడు రెండు చుట్లు చేతికి చుట్టుకున్నా.
అంత లోతున పెన్న,
ఎవరో దాచిపెట్టి మరిచిన గాజుముక్క.
గాలి లోయలోంచి ఎక్కి వస్తే
జొన్న చెవులు వెనక్కి వాలినాయి.
మొరిగింది.
అవతలి గోడ మొరిగింది.
ఆ కుక్క ఎవరిదో తేలేదాకా కదలనంది.
చీకటి పడ్డాక ఓమ్నిలో ముగ్గురం
ఒకరి ఊపిరి ఒకరం కప్పుకుని పడుకున్నాం.

రైల్వే ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో
పదకొండేండ్లుగా
"ఊపిరి బిగబట్టండి, ఆ, వదలండి" అంటున్నదాన్ని.
ఆ రాత్రి ఎవరూ చెప్పకుండానే వదిలినాను.

నాలుగో దినం పడమరకు తిరిగి
బొమ్మనహాళ్ దాటినాక
రోడ్డు మీదికే వచ్చేసింది ఇసుక.
తారు మునిగింది. కంచె మునిగింది.
"ఇది మా నాయన సజ్జచేను" అన్నాడు
గొర్రెలు తోలుకొచ్చిన వన్నూరప్ప
ఒక దిబ్బను చూపిస్తా.
"పొద్దున ఈడుంటాది, మాపటికి ఆడుంటాది.
పాసుబుక్కు మాత్రం ఇంట్లోనే ఉంది,
అది కదల్లా."

దిబ్బ ఎక్కితే
అడుగు ముందుకు, అరడుగు వెనక్కు.
పైకి పరుగెత్తిన జొన్న
తన కాలిగుర్తులు గాలి చెరిపేస్తుంటే
వెనక్కి తిరిగి
అవి ఉన్నచోట వాసన చూసుకుంది.

మధ్యాహ్నం హగరి నడి ఏట్లో,
నీళ్లు లేనిచోట,
చల్లదనం కోసమేమో, తవ్వడం మొదలుపెట్టింది.
ముందు తెల్ల ఇసుక లేచింది,
తర్వాత రొట్టె రంగుది,
ఆ తర్వాత ముద్దముద్దగా నల్లది.
దాని ముక్కుకు తడి అంటింది.
వన్నూరప్ప కర్ర పడేసి
పక్కనే గొంతుక్కూర్చున్నాడు.
"ఇంకో మోచేతి లోతు."
మాబున్నీ గాజులు పైకి తోసింది.
నేను గడియారం తీసి జేబులో వేసుకున్నా.
మూడు జతల చేతులు, రెండు పంజాలు,
గుంత చుట్టూ మూగి
తొంగిచూస్తున్న గొర్రెలు.

ఊరింది.
చాయ్ రంగులో, దోసిట్లో సగం.

"తొలినీళ్లు పారబొయ్యాల,
మలినీళ్లు తాగాల" అన్నాడాయన.

జొన్న ఆ మాట వినిపించుకోలేదు.